చతుర్ముఖ పారాయణానికి పతకం

నలుగురు చేరి పేకముక్కలు పంచుకుంటే దానికి ‘చతుర్ముఖ పారాయణం’ అని మనవాళ్లు ఎప్పుడో వెటకారపు పేరు పెట్టేశారు. ఆ పారాయణానికే 2018లో జకార్తాలో బంగారు పతకం దక్కింది. బ్రిడ్జి ఆసియా క్రీడల్లోకి వచ్చిన తొలిసారే పురుషుల జంటల విభాగంలో 60 ఏళ్ల ప్రణబ్ బర్ధన్, 56 ఏళ్ల శివనాథ్ సర్కార్ స్వర్ణం గెలిచారు. పేకాడినా క్రీడాకారులేనా అని నవ్వేవారు ఉండొచ్చు.

నిజానికి నవ్వుకోవడానికి కావలసినంత సరుకు బ్రిడ్జిలో ఉంది. వేలంపాట ముగిశాక ఒకరు తన ముక్కలన్నీ బల్ల మీద పరిచి ‘డమ్మీ’ అయిపోతారు. భాగస్వామి ఎంత అధ్వానంగా ఆడుతున్నా నోరు మెదపకూడదు. పెద్ద పోటీల్లో జతగాళ్లు ఒకరినొకరు చూసుకోకుండా మధ్యలో తెర పెడతారు. 1975లో ఇటలీ జంటపై బల్ల కింద కాళ్లతో సైగలు చేసుకున్నారన్న ఆరోపణ వచ్చాక, బల్ల కిందా అడ్డు పెట్టారు. 2013లో బాలిలో జర్మనీ వైద్యులిద్దరు దగ్గులతో కబుర్లు చెప్పుకున్నారని ప్రపంచ బ్రిడ్జి సమాఖ్య తేల్చింది.

అప్పటి ప్రపంచ నంబర్ వన్, నార్వేలో పుట్టిన గేర్ హెల్గెమో 2018లో డోపింగ్ పరీక్షలో దొరికి నిషేధానికి గురయ్యారు. బ్రిడ్జికి ఒలింపిక్ కమిటీ గుర్తింపు ఉంది కాబట్టి పరుగు పందేల నిబంధనలే పేకాటకూ వర్తించాయి. అంతకు ఏడాది ముందే ఐరోపా సమాఖ్య న్యాయస్థానం, ఇందులో శారీరక శ్రమ నామమాత్రమేనంటూ, వ్యాట్ మినహాయింపు విషయంలో బ్రిడ్జి క్రీడ కాదని తీర్పిచ్చింది. పన్ను దగ్గర క్రీడ కాదు, డోపింగ్ పరీక్ష దగ్గర మాత్రం క్రీడే!

మన దగ్గర చిక్కు వేరు. ఇక్కడ ప్రశ్న శ్రమ గురించి కాదు, జూదం గురించి. సికింద్రాబాద్ క్లబ్బు కేసులో 1967లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యపు ఆటగా గుర్తించింది. అందులోని అదృష్టం బ్రిడ్జిలో ముక్కలు పంచేటప్పటి అదృష్టం లాంటిదేనంది. పోటీ బ్రిడ్జి ఆ కాస్త అదృష్టాన్నీ చాలావరకు తుడిచేస్తుంది. ఒకసారి పంచిన ముక్కలనే వేర్వేరు బల్లల దగ్గర ఆడించి, ఫలితాలు పోల్చి మార్కులు వేస్తారు. ‘ముక్కలు పడలేదు’ అన్న సాకు చెల్లదు.

రమ్మీ వెంట డబ్బు ఆన్‌లైన్‌కు చేరాక లెక్క మారింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో అలాంటి ఆటలను నిషేధించాయి. నైపుణ్యం ఉన్నా లేకున్నా ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటం కుదరదని 2025 కేంద్ర చట్టం తేల్చింది. అంటే గీత పేకముక్క దగ్గర కాదు, పందెం దగ్గర పడింది. పతకం కోసం ఆడే బ్రిడ్జికి ఇది మేలే.

అయితే చట్టం గీసిన గీత ఇళ్లలోకి ఇంకా రాలేదు. చదరంగం బల్ల ఉత్సాహంగా కొనిచ్చే తల్లిదండ్రులు పేక దస్తా కొనివ్వడానికి జంకుతారు. 2023లో హాంగ్‌జౌలో పురుషుల జట్టు రజతం తెచ్చింది. 60 ఏళ్ల వయసులో స్వర్ణం గెలవడం గొప్పే. ఆ బల్ల దగ్గర కూర్చునే 20 ఏళ్లవారు ఎక్కడి నుంచి వస్తారన్నదే అసలు ప్రశ్న.