వెర్రి అని పేరు పెట్టిందెవరు?

పోయినేడాది ఒక విశ్వవిద్యాలయంలో జనప్రియ సంస్కృతి మీద రెండు రోజుల సదస్సు జరిగింది. బీటిల్స్ బృందాన్ని అభిమానించిన ఆడపిల్లల మీద నేనొక పత్రం చదివాను. చదవడం అయిపోయాక అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన మైకు దగ్గరకు జరుపుకుని, "ఏమ్మా, డాక్టరేట్ చేసినదానివి, నీకు సాహిత్యంలో పని మిగల్లేదా? కేకలు పెట్టి మూర్ఛపోయిన పిల్లల వెర్రి మీద ఇంత శ్రమ పడ్డావు!" అన్నారు. నేను ఆయన వ్యాసాలు చదివి పెరిగినదాన్నే. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను.

వెనక వరసలో మా అక్క కూతురు కూర్చుని ఉంది. పందొమ్మిదేళ్ల పిల్ల, డిగ్రీ చదువుతోంది. తిరిగొస్తుంటే దారి పొడుగునా మాట్లాడలేదు. ఇంటి దగ్గర ఆటో దిగాక మాత్రం, "ఆయన నవ్వాడంటే సరే పిన్నీ, నువ్వెందుకు నవ్వావు?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఆ జవాబు వెతుక్కోవడానికే ఇది రాస్తున్నాను.

ముందుగా ఆ పిల్ల సంగతి చెప్పాలి. తనకి కోల్డ్‌ప్లే అంటే ప్రాణం. 2024 సెప్టెంబర్‌లో ఆ బృందం ఇండియా కచేరీల టికెట్లు అమ్మకానికి పెట్టినప్పుడు లక్షలాది మందిలాగే తనూ ఫోను పట్టుకుని గంటలకొద్దీ క్యూలో ఉంది. టికెట్ దొరకలేదు. దొరికినా ఇంట్లో పంపేవాళ్లు కాదు, 'ఆడపిల్లవి, ఒక్కదానివి ముంబై ఎలా వెళ్తావు' అన్న మాట ముందే సిద్ధంగా ఉంది. తన దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. ఆ బృందం ఏ తేదీన ఏ ఊళ్లో పాడింది, ఏ పాటతో మొదలుపెట్టింది, ఏ పాటను వరసలోంచి తీసేసింది, ఏ పాటను ఎన్నేళ్ల తర్వాత మళ్లీ అందుకుంది, అన్నీ అందులో ఉన్నాయి. 2025 జనవరి 18, 19, 21 తేదీల్లో నవీ ముంబైలో, 25, 26 తేదీల్లో అహ్మదాబాద్‌లో జరిగిన కచేరీలకు విడివిడిగా పేజీలు కేటాయించింది. చివరి రోజు కచేరీని ఫోనులో ప్రత్యక్షంగా చూస్తూ వరస సరిచూసుకుని టిక్కులు పెట్టుకుంది. ఇంట్లో దాన్నందరూ 'పిచ్చి పుస్తకం' అంటారు.

అదే ఇంట్లో మా బావగారికి క్రికెట్ అంటే ఇష్టం. ఏ ఏడాది ఏ మైదానంలో ఎవరెన్ని పరుగులు చేశారో కళ్లు మూసుకుని చెప్తారు. దాన్నెవరూ పిచ్చి అనరు, జ్ఞాపకశక్తి అంటారు. ఘంటసాల పాటలు సంవత్సరాల వారీగా చెప్పగలిగిన మగవాడు మన సభల్లో రసజ్ఞుడు. పాత రికార్డులు సేకరించే మగవాడు సంగీత చరిత్రకారుడు. ఇంట్లో పనీ, మనసూ ఒకటే. పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నదాన్ని బట్టి పేరు మారిపోతోంది. ఇది మనకి కొత్త సంగతి కాదు. మగవాడు వండితే పాకశాస్త్రం, ఆడది వండితే వంట.

బీటిల్స్ చరిత్ర చెప్పేవాళ్లందరూ 1964 ఫిబ్రవరి 9 గురించి చెప్తారు. ఆ రాత్రి ఎడ్ సలివన్ షోలో వాళ్లని దాదాపు 7 కోట్ల 30 లక్షల మంది అమెరికన్లు చూశారు. అయితే ఆ రాత్రికి రెండు నెలల ముందు జరిగింది మాత్రం చాలామంది అడుగున చిన్న అక్షరాల్లో వేస్తారు. 1963 డిసెంబర్ 10న టీవీ వార్తల్లో బీటిల్స్ మీద ఒక చిన్న కథనం వచ్చింది. అది చూసిన మేరీల్యాండ్ అమ్మాయి మార్షా ఆల్బర్ట్ వాషింగ్టన్‌లోని ఒక రేడియో స్టేషన్‌కి ఉత్తరం రాసింది. ఇలాంటి సంగీతం మన దగ్గర ఎందుకు వినబడదు అన్నది ఆమె ప్రశ్న. ఆమెకి పదిహేనేళ్లు. ఆ ఉత్తరం చదివిన వ్యాఖ్యాత కారల్ జేమ్స్ ఒక ఎయిర్‌హోస్టెస్ ద్వారా లండన్ నుంచి 'ఐ వాంట్ టు హోల్డ్ యువర్ హ్యాండ్' రికార్డు తెప్పించాడు. డిసెంబర్ 17న మార్షానే స్టూడియోకి పిలిచి, ఆమె చేతే ఆ పాటను పరిచయం చేయించాడు. శ్రోతలు మళ్లీ మళ్లీ అడిగారు. జనవరి 13న విడుదల చేద్దామనుకున్న రికార్డును కాపిటల్ కంపెనీ డిసెంబర్ 26కే విడుదల చెయ్యాల్సి వచ్చింది. ఫిబ్రవరి మొదటి తారీకుకల్లా ఆ పాట బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది.

అంటే కోట్ల పెట్టుబడి పెట్టిన పెద్దమనుషుల లెక్కను ఒక స్కూలు పిల్ల ఉత్తరం ముందుకు జరిపింది. ఆ పిల్ల వార్త చూసింది, పోల్చి చూసింది, ఒక ప్రశ్న తయారుచేసింది, సరైన చిరునామాకి పంపింది. ఇందులో వెర్రి ఎక్కడుంది? నా విద్యార్థులు ఈ నాలుగు పనులూ చేస్తే నేను సంతోషంగా మార్కులు వేస్తాను.

ఇక ఇంగ్లండ్ సంగతి. లివర్‌పూల్‌లో ఫ్రెడా కెల్లీ అనే టైపిస్టు మధ్యాహ్నం భోజన విరామంలో కావర్న్ క్లబ్బుకెళ్లి బీటిల్స్ పాటలు వినేది. 1962లో మేనేజర్ బ్రయన్ ఎప్‌స్టీన్ దగ్గర ఉద్యోగంలో చేరింది. అప్పటికామెకి పదిహేడేళ్లు. అభిమాన సంఘం పని మీదేసుకుని తన ఇంటి చిరునామానే ఇచ్చింది. ఉత్తరాల వరద ఇంటి మీద పడేసరికి వాళ్ల నాన్న విసుక్కున్నాడట. 1972లో సంఘం మూతబడేదాకా జవాబులు రాసింది, సంతకాలు పెట్టించింది, వార్తలు చేరవేసింది. తన దగ్గరున్న జ్ఞాపికల్లో చాలా భాగాన్ని అమ్ముకోకుండా అభిమానులకే పంచిపెట్టింది. 2013లో ఆమె మీద ఒక డాక్యుమెంటరీ వచ్చేదాకా బీటిల్స్ కథలో ఆమెది ఒక పక్క వాక్యమే. 1963 ఆగస్టు నుంచి 1969 డిసెంబర్ దాకా 'ది బీటిల్స్ బుక్' అనే మాసపత్రిక కూడా నడిచింది. దానికోసం నెలంతా ఎదురుచూసిన పిల్లలు, పక్క ఊరి కచేరీ కబురు ఒకరికొకరు ఉత్తరాల్లో రాసుకున్న పిల్లలు, చరిత్రలో కేకలుగా మాత్రమే మిగిలారు.

కేకలు లేవని నేననడం లేదు. ఉన్నాయి. వాటికి అప్పుడే తీర్పు కూడా వచ్చింది. 1964లో బ్రిటిష్ పత్రిక న్యూ స్టేట్స్‌మన్‌లో పాల్ జాన్సన్ రాసిన వ్యాసం ఆ పిల్లల్ని మందబుద్ధులుగా, ఎందుకూ పనికిరాని తరంగా చిత్రించింది. చదువుకుని పైకొచ్చే పిల్లలు ఆ గుంపులో ఉండరని ఆయన నమ్మకం. ఇరవై రెండేళ్ల తర్వాత బార్బరా ఎరెన్‌రైక్, ఎలిజబెత్ హెస్, గ్లోరియా జేకబ్స్ ఆ కేకను స్త్రీవాద దృష్టితో చదివారు. ఒద్దికగా ఉండమనీ, కోరిక దాచుకోమనీ నేర్పిన సమాజంలో వేలమంది ఆడపిల్లలు వీధిలో కలిసి అరవడం ఒక తిరుగుబాటని చెప్పారు. ఆ వ్యాసానికి నేను చాలా రుణపడి ఉన్నాను. కానీ అక్కడే ఆగిపోతే మనం కూడా కేక దగ్గరే ఆగిపోయినట్టు. కచేరీలో వాళ్ల పాట అరగంటే. మిగిలిన నెలంతా ఆ పిల్లలు చదివారు, రాశారు, లెక్కలు కట్టారు, వాదించుకున్నారు. ఆ నెలను ఎవరు చదువుతారు?

కేక మీద ఇంకో నేరం కూడా మోపారు. ఆడపిల్లల అరుపుల వల్ల పాట వినబడక, విసుగెత్తి బీటిల్స్ కచేరీలు మానేశారన్నది అందరూ చెప్పే కథ. 1965 ఆగస్టు 15న న్యూయార్క్ షే స్టేడియంలో దాదాపు 55 వేల మంది ముందు వాళ్లు పాడారు. ఆ పాట జనానికి చేరింది బేస్‌బాల్ ఆటలో ప్రకటనలు చెయ్యడానికి పెట్టిన లౌడ్‌స్పీకర్లలోంచి. అంత జనానికి టికెట్లు అమ్మినవాళ్లకి అంత జనానికి వినిపించే ఏర్పాటు చెయ్యాలన్న ఆలోచన లేకపోతే తప్పు పిల్లల గొంతుదా? 1966లో మనీలాలో అధ్యక్ష భవనం విందుకి వెళ్లలేదని వాళ్లని తరిమినంత పని చేశారు. జాన్ లెనన్ క్రీస్తు గురించి అన్న మాటకి అమెరికా దక్షిణాది రేడియో స్టేషన్లు పిలుపునిచ్చి మరీ రికార్డులు తగలబెట్టించాయి, చంపుతామన్న బెదిరింపులొచ్చాయి. అదే ఆగస్టులో విడుదలైన 'రివాల్వర్' పాటల్లో ఒక్కటి కూడా ఆ యాత్రలో పాడలేదు, స్టూడియోలో చేసినది వేదిక మీద చెయ్యడం అప్పట్లో సాధ్యపడేది కాదు. ఆగస్టు 29న శాన్‌ఫ్రాన్సిస్కోలో చివరి కచేరీ చేశారు. ఇన్ని కారణాలుండగా జనం నోట నిలిచింది మాత్రం ఆడపిల్లల అరుపు.

ఈ మాటలకి ఒక ఎదురుప్రశ్న వస్తుందని తెలుసు. నేనే వేసుకుంటాను. ఇదంతా మార్కెట్ ఆడించిన ఆట కాదా? ఆ పిల్లల ఇష్టాన్ని పోస్టర్లుగా, విగ్గులుగా మార్చి అమ్ముకోలేదా? అమ్ముకున్నారు. ఇంకా ఘోరాలూ ఉన్నాయి. 1962 ఆగస్టు 23న జరిగిన జాన్ లెనన్ పెళ్లిని అభిమానులు పోతారన్న భయంతో చాన్నాళ్లు దాచారు. కొత్త పెళ్లికూతురు, అప్పటికే కడుపుతో ఉన్న సింథియా, కనబడకూడని మనిషి అయిపోయింది. అయిదేళ్ల తర్వాత 1967 ఆగస్టు 25న లండన్ యూస్టన్ స్టేషన్లో బాంగర్ వెళ్లే రైలు కదులుతుంటే ఆమెని ఒక పోలీసు ఆపేశాడు. అభిమాని అనుకున్నాడు. భర్త రైల్లో, ఆమె ప్లాట్‌ఫారం మీద. ఈ సంఘటనని వేళాకోళంగా చెప్తుంటారు. నాకు మాత్రం అందులో మొత్తం వ్యవస్థ కనబడుతుంది. ఆ పోలీసు దృష్టిలో భార్యా, అభిమానీ వేరు కాదు, ఇద్దరూ అడ్డం వచ్చే ఆడవాళ్లే. భార్యకీ అభిమానులకీ తగువు పెట్టి, ఇద్దరినీ గీతకి ఇవతలే నిలబెట్టారు.

ఒక్కసారి ఆ గీత చెరిగింది. 1968 ఫిబ్రవరి 4న స్టూడియోలో 'అక్రాస్ ద యూనివర్స్' రికార్డు చేస్తూ పై స్థాయిలో పాడే గొంతులు కావాల్సొచ్చి, బయట ఎదురుచూస్తున్న అమ్మాయిల్లోంచి లిజీ బ్రావో, గేలీన్ పీజ్ అనే ఇద్దర్ని లోపలికి పిలిచి పాడించారు. 1969 డిసెంబర్‌లో ఒక ధార్మిక సహాయ సంకలనంలో ఆ పాట వాళ్ల గొంతులతోనే వచ్చింది. 1970లో 'లెట్ ఇట్ బి' కోసం నిర్మాత ఫిల్ స్పెక్టర్ అదే పాటకి మెరుగులు దిద్దినప్పుడు ఆ ఇద్దరి గొంతులూ తీసేసి, డబ్బిచ్చి పిలిపించిన గాయకబృందాన్ని చేర్చాడు. లోకం ఎక్కువగా విన్నది ఆ రూపాన్నే. నిరంతరం ఎదురుచూసిన ఇద్దరాడపిల్లలు పనికొచ్చినంతసేపు పనికొచ్చారు.

మార్కెట్ వాడుకుంది కాబట్టి వాళ్లు చేసినదంతా మార్కెట్ పనేనంటే, ఆ లెక్కన మన వారపత్రికల సీరియళ్ల పాఠకురాళ్లు కూడా అంతే కావాలి. ఒకప్పుడు యద్దనపూడి సులోచనారాణి నవల వచ్చే వారం ఏమవుతుందోనని ఎదురుచూసిన ఆడవాళ్లని మన విమర్శ ఎంత చులకన చేసిందో మనకి తెలుసు. ఆ నవలల భావజాలాన్ని విమర్శించడం వేరు, వాటిని చదివినవాళ్లకి ఆలోచన లేదని తీర్మానించడం వేరు. మా అమ్మ పక్కింటావిడ దగ్గర పత్రిక అరువు తెచ్చుకుని, కథ ఎటు పోతుందో పందెం వేసి, రచయిత్రి తప్పు చేసిందనిపిస్తే కోప్పడేది. నాకు మొదటి సాహిత్య విమర్శ అక్కడే పరిచయమైంది. నా సిద్ధాంత గ్రంథంలో మాత్రం ఆ సంగతి ఒక్క వాక్యం కూడా రాయలేదు.

మన దగ్గర మగవాళ్ల అభిమానానికి ఎప్పుడూ గౌరవం లోటు రాలేదు. సినిమా హీరోల అభిమాన సంఘాలంటే దాదాపుగా మగవాళ్లవే. ఆ ఉత్సాహం నుంచి కార్యకర్తలు పుట్టారు, 1982లో ఎన్టీఆర్ పార్టీకీ, 2008లో చిరంజీవి పార్టీకీ బలమయ్యారు. ఎస్.వి. శ్రీనివాస్ వంటి పరిశోధకులు దాన్ని రాజకీయ పరిణామంగా శ్రద్ధగా చదివారు. చదవాల్సిందే. కటౌట్లకి పాలాభిషేకం చేసిన మగవాడి వెనక చరిత్ర ఉందని ఒప్పుకున్న మనం, నోట్‌బుక్‌లో పాటల వరస రాసుకున్న ఆడపిల్ల వెనక హార్మోన్లు తప్ప ఏమీ లేవని ఎలా అనుకుంటాం?

ఇప్పుడు మా అక్క కూతురి ప్రశ్న దగ్గరికి వస్తాను. నేనెందుకు నవ్వాను? భయపడి నవ్వాను. నేనూ ఆ పిల్లల్లో ఒకదాన్నని తెలిసిపోతుందేమోనని. పదిహేనేళ్లప్పుడు నేనూ అలాంటి పుస్తకం ఒకటి రాసి, పీజీలో చేరేముందు నా చేతులతో చించేశాను. సాహిత్యం చదవబోయే మనిషి దగ్గర అది ఉండకూడదని ఎవరూ నాకు చెప్పలేదు, నాకే తెలిసిపోయింది. చదువుకున్న ఆడవాళ్ల హోదా ఇంకో ఆడపిల్ల వెర్రి నుంచి దూరం జరగడం మీద కట్టుకున్నదైతే, ఆ హోదా మనల్ని వెక్కిరించినవాళ్లు దయతలచి ఇచ్చినదే.

అందుకే ఈ పత్రిక చదివే మిత్రులను ఒకటి అడుగుతున్నాను. మీలో పాఠ్యపుస్తకం కింద సీరియల్ దాచుకుని చదివినవాళ్లు, రేడియోకి ఉత్తరాలు రాసి మీ పేరు వినబడుతుందా అని ఎదురుచూసినవాళ్లు, పాటల పుస్తకాలు దిద్దుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది రాయండి. చిన్ననాటి ముచ్చటగా వద్దు, మీరు చదవడం, పోల్చడం, వాదించడం ఎక్కడ నేర్చుకున్నారో చెప్పే సాక్ష్యంగా రాయండి. అటకల మీద ఆ పుస్తకాలింకా ఉంటే పాతకాగితాలవాడికి వెయ్యకండి. తరగతిలో ఏ పిల్లైనా తన అభిమాన బృందం మీద వ్యాసం రాస్తానంటే, వెంటనే అంశం మార్చుకోమనకండి.

ఆ సదస్సు పత్రాలు పుస్తకంగా వేస్తున్నారు. నా పత్రానికి ఆధారాల్లో మా అక్క కూతురి నోట్‌బుక్ కూడా చేర్చి పంపాను. ముందు తన అనుమతి అడిగాను. "పిచ్చి పుస్తకం అని మాత్రం రాయకు పిన్నీ" అంది.