వేడి చేసిందని ఊరుకోకండి



జీతం ఆగితే క్యాంపులో నలుగురికీ చెప్పుకుంటాం. నడుం పట్టేస్తే ఫోర్‌మన్‌కు చెప్తాం. కానీ మూత్రంలో మంట, పొత్తికడుపులో నొప్పి, రాత్రికి ఐదారుసార్లు లేవాల్సి రావడం లాంటివి పక్క మంచం మీదున్నవాడికి కూడా చెప్పం. "వేడి చేసిందిలే" అనుకుని, సబ్జా నానబెట్టుకుని తాగి, తెల్లారి మళ్లీ బస్సెక్కుతాం. ఈ దాపరికం వల్ల మనకు ఒళ్లూ పాడవుతోంది, డబ్బూ పోతోంది. అందుకే ప్రోస్టేట్ వాపు గురించి ఈ కార్మికుల పత్రికలోనే మాట్లాడుకోవాలని నా అభిప్రాయం.

నేను డాక్టర్ని కాదు, బీకాం చదివినవాణ్ని. మందులు చెప్పను. మనలో తిరుగుతున్న తప్పుడు మాటలు, వాటివల్ల జరిగే నష్టం చెప్తాను.

ప్రోస్టేట్ అంటే మగవాళ్లకు మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. మూత్రం వచ్చే గొట్టం దాని మధ్య నుంచే పోతుంది. అందుకే అది వాస్తే మంట, ధార సన్నబడటం, వృషణాలకూ మలద్వారానికీ మధ్య నొప్పి వస్తాయి.

మొదటి అపోహ: ఇది ముసలివాళ్ల జబ్బు. కాదు. వయసు మీద పడ్డాక గ్రంథి పెరగడం వేరు, వాపు వేరు. వాపు ముప్పైల్లో, నలభైల్లో ఉన్నవాళ్లకూ వస్తుంది. యాభై దాటని మగవాళ్లు మూత్ర సమస్యలతో డాక్టరు దగ్గరికి వెళ్లే కారణాల్లో ఇది ముఖ్యమైనది. మన క్యాంపుల్లో ఉన్నది ఎక్కువగా ఆ వయసువాళ్లే.

రెండోది: ఇది సుఖవ్యాధి, తప్పు చేసినవాడికే వస్తుంది. ఈ మాట కాపురాల్లో చిచ్చు పెడుతోంది. లైంగికంగా అంటే ఇన్ఫెక్షన్ల వల్ల కొందరికి రావచ్చు, కాదనను. కానీ ఎక్కువమందిలో దానికీ దీనికీ సంబంధం లేదు. క్రిమి వల్ల వచ్చినప్పుడు కూడా, చాలాసార్లు అది మన పేగుల్లో ఉండే మామూలు బాక్టీరియానే. పక్కవాడి కంచం వల్లో, బాత్రూం వల్లో అంటుకునేది అసలే కాదు. అమ్మా, ఊళ్లో ఉన్న మీ ఆయన ఫోన్లో ఈ బాధ చెప్తే ముందు అనుమానించకండి, ఆస్పత్రికి పొమ్మనండి.

మూడోది: ఇది క్యాన్సర్. వాపు వేరు, క్యాన్సర్ వేరు. వాపు ఉన్నప్పుడు పీఎస్‌ఏ అనే రక్తపరీక్షలో అంకె పెరుగుతుంది. ఆ కాగితం చూసి ఎవరో భయపెడితే టికెట్ తీసుకుని ఇంటికి పరుగెత్తకండి. వాపు తగ్గాక మళ్లీ పరీక్ష చేయాలా అని డాక్టర్నే అడగండి.

నాలుగోది: యాంటీబయాటిక్ వేసుకుంటే చాలు. ఎక్కువకాలం వేధించే నొప్పిలో పదింట తొమ్మిది కేసుల్లో పరీక్షకు బాక్టీరియా దొరకదు. అలాంటివాళ్లకు యాంటీబయాటిక్ మీద యాంటీబయాటిక్ వేసినా లాభం తక్కువ. వేరే మందులు, గోరువెచ్చని నీళ్లలో కూర్చోవడం, కటి కండరాల వ్యాయామం పనిచేస్తాయి. బాక్టీరియా ఉందని తేలినవాళ్లు మాత్రం వారాల తరబడి కోర్సు పూర్తి చేయాలి. మూడు రోజులకు మంట తగ్గిందని మిగతా మాత్రలు రూమ్మేట్‌కి ఇచ్చేయడం ఇద్దరికీ చేటు. ఇంకో మాట. ఊరి నుంచి వచ్చేవాళ్లతో నొప్పి మాత్రలు తెప్పించుకోకండి. ట్రమడాల్ లాంటివి ఎమిరేట్స్‌లో నియంత్రిత మందులు. అనుమతి లేకుండా ఎయిర్‌పోర్టులో దొరికితే కేసవుతుంది, తెచ్చినవాడు ఇరుక్కుంటాడు.

ఐదోది: డాక్టరుకు చెప్తే వీసా పోతుంది. మనవాళ్ల నోరు నొక్కేస్తున్నది అన్నిటికంటే ఈ భయమే. వీసా మెడికల్‌లో చూసేది హెచ్‌ఐవీ, టీబీ లాంటి అంటువ్యాధుల్ని. ప్రోస్టేట్ వాపు ఆ లెక్కలోకి రాదు.

ఇక హక్కుల లెక్క. ఎమిరేట్స్‌లో 2021 నాటి 33వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, ప్రొబేషన్ దాటిన కార్మికుడికి ఏడాదికి 90 రోజుల వరకు సిక్ లీవు ఉంది. మొదటి 15 రోజులు పూర్తి జీతం, తర్వాత 30 రోజులు సగం జీతం, మిగతా 45 రోజులు జీతం లేకుండా. జబ్బు సంగతి మూడు పనిదినాల్లోపు కంపెనీకి చెప్పి, డాక్టర్ కాగితం ఇవ్వాలి. ఇంటి పనివాళ్లకు, హౌస్ డ్రైవర్లకు చట్టం వేరు: 30 రోజులు, అందులో 15 రోజులకు పూర్తి జీతం. నెలకు 1,200 దిర్హాములు వచ్చేవాడికి రోజుకు 40 పడుతుంది. కాగితం లేకుండా మూడు రోజులు రూములో పడుకుంటే 120 దిర్హాములు కోత, పైగా ఆబ్సెంట్. కాగితం ఉంటే ఆ కోత ఉండకూడదు. హెల్త్ ఇన్సూరెన్స్ ఖర్చు కూడా యజమానిదే, మన జీతంలోంచి పట్టకూడదు. కువైట్, సౌదీ, ఖతార్‌లలో లెక్కలు వేరు గానీ, సిక్ లీవు హక్కు అక్కడా ఉంది.

ఇంకొక సంగతి. సైటులో టాయిలెట్ దూరమనీ, ఫోర్‌మన్ కసురుతాడనీ నీళ్లు తాగడమే మానేసేవాళ్లున్నారు. దానివల్ల మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, రాళ్లకూ దారితీస్తుంది. గంటల తరబడి ఆపుకుంటే, బండిలోనో క్రేన్‌లోనో కదలకుండా కూర్చుంటే ఉన్న నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. ఇళ్లల్లో పనిచేసే అక్కలకైతే ఆపుకోవడం వల్ల మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తుంది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని ఆపాలన్న నియమం ఎలాగో, తాగునీరు, టాయిలెట్ కూడా అలాగే. అవి యజమాని ఇచ్చే బిచ్చం కాదు. పనికొచ్చే మనిషి కావాలంటే ఆ మనిషి మూత్రానికి పోవాలి కూడా. ఒక్కడు అడిగితే కసురుతారు, పదిమంది కలిసి అడగండి.

మరి ఏం చేయాలి? ఎన్నాళ్లుగా బాధ ఉంది, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ఇప్పటిదాకా ఏ మాత్రలు వేసుకున్నారు అన్నవి ఒక కాగితం మీద రాయించుకుని క్లినిక్‌కు వెళ్లండి. మూత్ర పరీక్ష చేయమనండి. డాక్టర్ దగ్గర ఏదీ దాచకండి. గోడల మీద అంటించే "గుప్తరోగాల" మందులకు, నరాల బలహీనత పొడులకు ఒక్క దిర్హాము కూడా పెట్టకండి.

చలిజ్వరంతో పాటు మంట ఉన్నా, మూత్రం పూర్తిగా బిగుసుకుపోయినా తెల్లారేదాకా ఆగకండి. ఆ రాత్రే ఎమర్జెన్సీకి వెళ్లాలి. క్యాంప్ బాస్ బండి ఇవ్వకపోతే 998కి ఫోన్ చేసి అంబులెన్సు పిలవండి. సిక్ లీవు జీతం కోసినా, ఇన్సూరెన్స్ కార్డు ఇవ్వకపోయినా కార్మిక శాఖ నంబరు 80084కు ఫిర్యాదు చేయండి. చదవడం రాని తమ్ముడెవరైనా మీ రూములో ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఇది అతనికి చదివి వినిపించండి.