చెరువు శిఖమును, బడి పద్దును



ఊరికి ముఖ్యమైన ఉమ్మడి సొత్తులు రెండు కలవు. ఒకటి చెరువు, రెండవది సర్కారు బడి. మొదటిది మన పొలమును తడుపును. రెండవది మన బిడ్డల బుద్ధిని పండించును. ఈ రెంటికిని ఒక్కడు యజమాని కాడు. కాబట్టియే రెంటికిని సొమ్ము కావలసి వచ్చినప్పుడు గట్టిగా అడుగువాడు కరవగుచున్నాడు.

ఇటీవల నొక వాదము తరచుగా వినవచ్చుచున్నది. ప్రభుత్వమునకు ధనము చాలదనియు, ఖాళీగా పడియున్న ఉమ్మడి భూమిని అమ్మి, వచ్చిన పైకముతో బడులను, దవాఖానాలను నడుపుకొనవచ్చుననియు దాని సారాంశము. హసన్‌పర్తి వలె నగరపుటంచున నున్న ఊళ్ల రైతులు దీనిని నిదానముగా విచారింపవలసియున్నది. ఏలయన, గజము ధర పెరిగిన చోటనే చెరువు శిఖము మొదట కంటబడును.

2025 సంవత్సరమున హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయము ప్రక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరములను గూర్చి జరిగిన వివాదము అందరెరిగినదే. కంచ యన పశువుల మేతకు విడిచిన నేల యని రైతులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ భూమి తనదే యనియు, దానిని ఐటీ పరిశ్రమకు వినియోగించినచో రాబడియు, ఉద్యోగములును కలుగుననియు ప్రభుత్వము వాదించెను. విద్యార్థులు అచ్చటి చెట్లను, నీటి గుంటలను, జింకలను చూపి అడ్డుపడిరి. ఏప్రిల్ 3వ తేదీన సుప్రీంకోర్టు చెట్ల నరకుటను నిలిపివేసెను. 16వ తేదీన, నరికిన నూరు ఎకరముల మేర అడవిని మరల నెట్లు కల్పింతురో తెలుపవలసినదని ప్రభుత్వము నడిగెను. భూమి ఎవరిదను ప్రశ్న వేరు, దానినేమి చేయవచ్చునను ప్రశ్న వేరు అని దీనివలన స్పష్టమగుచున్నది.

మనకింకను దగ్గరి తీర్పు మరియొకటి కలదు. పంజాబులో పాటియాలా జిల్లా రోహర్ జాగీర్ గ్రామమున కొందరు ఊరి చెరువును పూడ్చి కట్టడములు లేపిరి. 2011 జనవరి 28వ తేదీన సుప్రీంకోర్టు వారిని తొలగింపవలసినదే యని చెప్పి, గ్రామ ఉమ్మడి భూములలోని ఆక్రమణలను తీసివేయు పథకములను సిద్ధపరుపుడని అన్ని రాష్ట్రములను ఆదేశించెను. అసాధారణమగు సందర్భములకు మాత్రము మినహాయింపు నిచ్చెను: ప్రభుత్వ ఉత్తర్వు ననుసరించి భూమిలేని కూలీలకు, షెడ్యూల్డు కులములు, తెగల వారికి కౌలుకిచ్చిన భూమి, అప్పటికే బడి గాని దవాఖానా గాని యున్న భూమి. ఇందు ‘అప్పటికే’ యను మాట గమనింపదగినది. ఉన్న బడిని కూల్చనక్కరలేదనుటయే గాని, క్రొత్త బడి పేరు చెప్పి చెరువును పూడ్చుడని దాని యర్థము కాదు.

అయినచో బడికి పైకమెచ్చటనుండి రావలెనని అడుగువారు కలరు. అది న్యాయమైన ప్రశ్నయే. దేశాదాయములో నూటికి 6 వంతులు విద్యకు వెచ్చింపవలెనని 1966లో కొఠారీ సంఘము చెప్పెను. 2020 నాటి జాతీయ విద్యా విధానమును ఆ మాటనే మరల చెప్పెను. ఆ లెక్క నేటికిని చేరలేదు. మన రాష్ట్రమున 2022లో ‘మన ఊరు – మన బడి’ యను పథకమును మూడు విడతలలో 26,065 బడులకై 7,289 కోట్ల రూపాయల అంచనాతో ప్రారంభించిరి. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చెను. పథకము పేరు మారినను పైకప్పు కురియుట మారదు. భూమి నొకసారియే అమ్మగలము. ఉపాధ్యాయుని జీతము, మంచినీరు, మరుగుదొడ్డి ఏటేట కావలయును. శిఖము నమ్మి బడి నడుపుట విత్తనపు గింజలు తిని కడుపు నింపుకొనుట వంటిది.

ధర్మమైన మార్గములు లేకపోలేదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము బడి యాజమాన్య సంఘములో నూటికి 75 మంది తల్లిదండ్రులే యుండవలెను. వారు వ్రాసిన అభివృద్ధి ప్రణాళికయే ప్రభుత్వ గ్రాంటులకు ఆధారమని ఆ చట్టమే చెప్పుచున్నది. ఆ కాగితమును వ్రాయకుండ విడుచుట మన హక్కును మనమే వదలుకొనుట. 2015లో గనుల చట్టమును సవరించి జిల్లా ఖనిజ నిధులను ఏర్పరచిరి. అందు కనీసము నూటికి 60 వంతులు తాగునీరు, పర్యావరణ రక్షణ, వైద్యము, విద్య మొదలగు వానికి వెచ్చింపవలెనని నాటి కేంద్ర నియమములు చెప్పెను. అయినను అది త్రవ్విన గుట్టకు నష్టపరిహారము. బడి కొరకు గుట్టను త్రవ్వుటకు సాకు కారాదు.

కావున మన సంఘము మహాసభలో రెండు తీర్మానములు చేయుట యుక్తము. మొదటిది, చెరువు నిండుమట్టము హద్దులను కొలిపించి, రాళ్లు పాతించి, పటము నకలు నొకదానిని బడి గోడకు తగిలింపవలెను. పరిసర విజ్ఞానమును బడులలో తప్పనిసరిగా బోధింపవలెనని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించినది. తూము, మత్తడి, ఆయకట్టు చూపుటకంటె మంచి పాఠమేది? రెండవది, ఏటేట బడి ప్రణాళికను మన సభ్యులు చదివి, అడిగిన దెంత, వచ్చిన దెంత యని ఊరికి తెలుపవలెను.

2015లో మిషన్ కాకతీయ క్రింద 46,000 పైచిలుకు చెరువుల పునరుద్ధరణకు పూనుకొనిరి. పూడిక తీసిన చెరువునకు హద్దు కాపాడువాడు లేనిచో ఆ శ్రమ వ్యర్థమే. చెరువును కాచునది రేపటి రైతు. ఆ రైతును తీర్చునది నేటి బడి. ఒకదానిని అమ్మి మరియొకదానిని పోషింతుమను మాటకు మన మొప్పరాదు.