మన చేప అక్కడ గజదొంగ

ఉప్పాడ రేవులో నూనె కవళ్లు కుప్ప పోస్తే ఎవరికీ వింతగా ఉండదు. కానీ 1980ల మధ్య దాకా అవి ఎక్కువగా కేరళ, కర్ణాటక తీరాల చేపలు. సముద్రం వేడెక్కేకొద్దీ మన తూర్పు తీరానికీ విస్తరించాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. కవళ్లు పాపం సాధుజీవులు. వస్తే కూరకి కలిసొచ్చింది. మరి వేటాడే చేప వస్తేనో?

లయన్‌ఫిష్ సంగతి చూడండి. ఒంటి నిండా చారలు, విసనకర్రల్లాంటి రెక్కలు, విషపు ముళ్లు. అది మన హిందూ మహాసముద్రానిదీ, పసిఫిక్‌దీనూ. ఇక్కడ దాని గురించి ఎవరికీ బెంగ లేదు. 1985లో అమెరికాలోని ఫ్లోరిడా దగ్గర కనిపించింది. అక్వేరియంలో పెంచుకున్నవాళ్లే వదిలేసి ఉంటారని అంటారు. పాతికేళ్లు తిరిగేసరికి కరేబియన్ అంతా పాకేసింది. దాన్ని చూస్తే పారిపోవాలని అక్కడి చిన్న చేపలకి తెలీదు మరి! బహామాస్‌లో పరిశోధకులు చిన్న చిన్న పగడపు దిబ్బల మీద ఒక్కో లయన్‌ఫిష్‌ని వదిలి చూశారు. ఐదు వారాల్లో అక్కడ కొత్తగా చేరే పిల్ల చేపలు 79 శాతం తగ్గిపోయాయి. ఒక్క చేపకే!

నీళ్లు 10 డిగ్రీలకి చల్లబడితే అది బతకదు. ఆ చలే ఇన్నాళ్లూ కాపలా. ఆ కాపలా ఇప్పుడు సడలుతోంది. సూయజ్ కాలువ దాటి మధ్యధరా సముద్రంలోకి వెళ్లిన లయన్‌ఫిష్, 2012 తర్వాత సైప్రస్ చుట్టూ కాపురం పెట్టేసింది.

మన దగ్గర నా భయం సముద్రం మీద కాదు, చెరువుల మీద. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని కేంద్రం 2000లోనే నిషేధించింది. అయినా కోళ్ల వ్యర్థాలు మేపి దొంగచాటుగా పెంచుతూ పట్టుబడుతున్న వార్తలు మన జిల్లాల నుంచే వస్తున్నాయి. దొరికిందల్లా మింగే రకం అది. నిండు ఉప్పునీటిలో బతకదు గానీ, కాస్త ఉప్పదనం ఉన్న నీళ్లని తట్టుకుంటుంది. తుపాను వానకి చెరువు గట్టు తెగితే కాలవలోకి, డ్రెయిన్‌లోకి, అక్కణ్ణించి కోరింగ మడ అడవుల వైపుకి దారి ఉంది. ఉప్పాడ వలల్లో పడే రొయ్యలూ చేపలూ చాలావాటి పిల్లలు పెరిగేది అలాంటి మడల నీళ్లలోనే. వేడెక్కిన బంగాళాఖాతం తుపాన్లకి మరింత బలమిస్తోందని వాతావరణ శాస్త్రవేత్తలు ఊరికే హెచ్చరించడం లేదు.

ఈసారి వానలు ముదరకముందే ఏ ఊళ్లో ఏ చెరువులో ఏం పెంచుతున్నారో మత్స్యశాఖ లెక్క తీసి, పంచాయతీ గోడ మీద అంటించాలి. వేటకెళ్లేవాళ్లకి ఆ లెక్క అడిగే హక్కుంది.