అన్నా అని పిలిస్తే...

హిందూపురం బస్టాండులో టీ పోసే మనిషీ ‘అన్నా’యే, ఓటడగ వచ్చిన అభ్యర్థీ ‘అన్నా’యే. ధర్మవరం నేతగాడు తన పట్టుచీర కొనే వ్యాపారిని అలాగే పిలుస్తాడు. 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులకు రాజధాని అయిన పెనుకొండలో, పొలానికి వెళ్లే రైతును ‘యాడికి పోతాండావన్నా’ అని పలకరిస్తారు. తోడబుట్టినవాడి వరసను ఊరందరికీ పంచిపెట్టిన పిలుపు ఇది.

పెద్దరికానికి ఈ మాట తోడై వందల ఏళ్లయింది. అచ్యుతరాయల కాలంలో లేపాక్షి వీరభద్రాలయాన్ని కట్టించిన విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పేర్ల చివర ఉన్నది ఇదే, కన్నడ ఉచ్చారణలో. 1985, 1989, 1994 ఎన్నికల్లో హిందూపురం నుంచి శాసనసభకు గెలిచిన ఎన్టీ రామారావు రాష్ట్రమంతటికీ అన్నగారు.

మనం కంచంలో వడ్డించుకునే అన్నానికీ ఈ అన్నకూ చుట్టరికం లేదు. అన్న మన దక్షిణాది భాషల సొంతం. అన్నమేమో తినడమనే అర్థమున్న సంస్కృత ధాతువు నుంచి వచ్చింది. అయినా మన ప్రజాజీవితం ఈ రెండింటినీ ఒక్కచోటికి చేర్చింది. వానలు తక్కువైన ఈ సీమలో రాగిసంగటే నిత్యం తినే తిండి. పేదింట వరి అన్నం పండగకో, చుట్టాలొచ్చినప్పుడో వండేది. అటువంటి ఇళ్లకు 1983లో రామారావు ప్రభుత్వం ఇచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం చేరింది. 2018లో మొదలై, 2019లో మూతపడి, 2024లో మళ్లీ తెరుచుకున్న అన్న క్యాంటీన్ల పేరులో ఆ నాయకుడి తలపూ, ఐదు రూపాయలకు పెట్టే భోజనమూ కలిసే వినిపిస్తాయి.

ఇంత ఆత్మీయమైన మాటలో ఒక చిక్కు ఉంది. ‘అన్న పెట్టాడు’ అనుకున్నప్పుడు కృతజ్ఞత మిగులుతుంది, ప్రశ్న మరుగున పడుతుంది. రేషన్ బియ్యం 2013 ఆహార భద్రతా చట్టం ప్రకారం అర్హులైన పేదలకు హక్కు. ఎవరి దయా కాదు. ఉమ్మడి కాపురంలో పెత్తనం చేసే పెద్దన్న కూడా పంటకూ అప్పుకూ తమ్ముళ్ల ముందు లెక్క చెప్పవలసినవాడే. అనుమతి లేకుండా ఖజానా సొమ్ము గుడికి ఖర్చు చేశాడన్న నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడని లేపాక్షిలో చెప్పుకుంటారు. అది చరిత్రో, ఐతిహ్యమో, అధికారి లెక్క చెప్పవలసినవాడన్న సంగతిని మాత్రం జనం తరతరాలుగా మరవలేదు.

అన్నా అని ఆప్యాయంగా పిలుద్దాం, అక్కా అనీ పిలుద్దాం. ఆ చనువుతోనే మగ్గానికి గిట్టుబాటు గురించీ, చెరువుకు నీళ్ల గురించీ, కార్డు మీద బియ్యం గురించీ అడుగుదాం. అడిగే తమ్ముణ్ణి కసురుకోకుండా జవాబు చెప్పినవాడే ఆ పిలుపుకు తగినవాడు.