వ్యాకరణం, లెక్కలు బెంజ్ సర్కిల్‌లోనే దొరుకుతాయా?

విజయవాడ బెంజ్ సర్కిల్‌లో బందరు బస్సు ఆగినప్పుడు దిగేవారిని గమనించండి. డిగ్రీ పూర్తయిన పిల్ల, పక్కన తండ్రి, తండ్రి చేతిలో ప్లాస్టిక్ సంచీ, సంచీలో మార్కుల జాబితాల జిరాక్సు కాపీలు. అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు, ఉయ్యూరు దిక్కు నుంచి ఇటువంటి జంటలు వస్తూనే ఉంటాయి. మద్రాసు-కలకత్తా రహదారి, హైదరాబాదు-బందరు రహదారి కలిసే ఈ కూడలిలో తల ఎత్తితే చాలు, బోర్డులే బోర్డులు. జి.ఆర్.ఇ., జిమ్యాట్, ఐసెట్, అమెరికా, కెనడా, ఆస్ట్రేలియా! ధాన్యం ధర తప్ప అన్నీ ఆ బోర్డుల మీద ఉన్నాయి.

ఈ బోర్డుల వెనుక అమ్ముతున్న సరుకు ఏమిటని విచారిస్తే తేలేది రెండే రెండు. ఒకటి ఇంగ్లీషు, అందులో ముఖ్యంగా వ్యాకరణం. రెండవది లెక్కలు. అవి కూడా ఉన్నత పాఠశాలలో చెప్పిన లెక్కలే. ఊళ్లో జిల్లా పరిషత్ పాఠశాలలో ఉచితంగా చెప్పిన పాఠాన్ని, నాలుగైదేళ్ల తర్వాత పట్నం వచ్చి వేలకు వేలు పోసి మళ్లీ కొనుక్కోవలసిన అగత్యం మన పిల్లలకు ఎందుకు పట్టింది?

ముందు ఐసెట్ సంగతి చూద్దాం. మన గ్రామాల పిల్లలు ఎక్కువగా రాసేది అదే. ఎం.బి.ఎ., ఎం.సి.ఎ. కోర్సులలో చేరడానికి రాష్ట్ర ఉన్నత విద్యామండలి తరఫున ఏటా ఒక విశ్వవిద్యాలయం ఈ పరీక్ష జరుపుతుంది. 200 ప్రశ్నలు, 200 మార్కులు, 150 నిమిషాలు. అంటే ప్రశ్నకు ముక్కాలు నిమిషం. అందులో 75 మార్కులు విశ్లేషణకు, 55 లెక్కలకు, 70 ఇంగ్లీషుకు. తప్పు రాస్తే మార్కు కోత లేదు. 50 మార్కులు వస్తే అర్హత వచ్చినట్టే. షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆ కనీస మార్కుల నిబంధన కూడా లేదు. విశ్లేషణ, లెక్కల ప్రశ్నలు తెలుగులో కూడా ఇస్తారు. ఇంగ్లీషు భాగం మాత్రం సహజంగానే ఇంగ్లీషులో ఉంటుంది. ఈ నాలుగు ముక్కలు తెలియక, ఐసెట్ అంటే ఏదో కొండ అనుకుని బెంజ్ సర్కిల్‌లో ముందు బయానా కట్టి, ఆ తర్వాత సిలబస్ ఏమిటని అడిగే తండ్రులున్నారు. ఎద్దును కొన్న తర్వాత పళ్లు చూసినట్టుంది వరస.

ఆ 55 మార్కుల లెక్కలలో 35 అంకగణితమే. శాతాలు, వడ్డీ, లాభనష్టాలు, నిష్పత్తి, కాలం-పని, కాలం-దూరం. మిగిలిన 20లో కొంత బీజగణితం, రేఖాగణితం, కొంత సగటులు వగైరా. ఈ అంకగణితం డెల్టా రైతు బిడ్డకు కొత్తదా? 'నూటికి రెండు రూపాయల వడ్డీ' అంటే ఏమిటో ఏడో తరగతి పిల్లవాడిని అడిగినా చెబుతాడు. నెలకు నూటికి రెండు అంటే సంవత్సరానికి 24 శాతం. లక్ష రూపాయలు రెండేళ్లు వాడుకుంటే బారు వడ్డీ 48,000 రూపాయలు. ఏడాదికొకసారి నోటు తిరగరాస్తే చక్రవడ్డీ 53,760. ఆ తేడా 5,760 రూపాయలు ఎవరి జేబులో నుంచి పోయిందో ఊళ్లో అందరికీ తెలుసు. అదే లెక్క పరీక్ష కాగితం మీద 'పర్సెంట్ పర్ యానమ్' అనే వేషంలో కనపడేసరికి పిల్లవాడికి చెమటలు పడుతున్నాయి. అతనికి రానిది లెక్క కాదు, దాని ఇంగ్లీషు పేరు.

డేటా సఫిషియెన్సీ అని మరొక రకం ప్రశ్న ఉంది. ఐసెట్‌లో ఇది 20 మార్కులకు వస్తుంది. ఇక్కడ జవాబు కట్టమని అడగరు. ఇచ్చిన సమాచారంతో జవాబు వస్తుందా రాదా చెప్పమంటారు. దీనిని కోచింగు కేంద్రాలవారు బ్రహ్మవిద్యగా చూపిస్తున్నారు. ఉదాహరణకు, ఒక కౌలు రైతుకు ఎకరాకు ఎన్ని బస్తాలు పండాయి? మొత్తం పంట 140 బస్తాలు అని ఒక మాట ఇచ్చారు. కౌలు పోగా 80 మిగిలాయి అని రెండో మాట. రెండూ కలిపినా తేలదు, పొలం ఎంతో తెలియదు గనుక. కౌలు ఎకరాకు 15 బస్తాలు అని మూడో మాట చేరిస్తే అంతా విప్పినట్టు వస్తుంది. కౌలు 60 బస్తాలు, పొలం 4 ఎకరాలు, దిగుబడి ఎకరాకు 35 బస్తాలు. రచ్చబండ దగ్గర కూర్చున్న ఏ రైతైనా, 'ముందు పొలమెంతో చెప్పవయ్యా' అనే అంటాడు. ఆ ప్రశ్న వేయగలిగిన వాడికి డేటా సఫిషియెన్సీ వచ్చినట్టే.

తెలివైన పిల్లలు కూడా పొరబడే చోట్లు లేకపోలేదు. ఒక వాహనం బందరు వెళ్లేటప్పుడు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, అదే దారిన తిరిగి వచ్చేటప్పుడు 40 వేగంతో నడిచింది. సగటు వేగం ఎంత అంటే 50 అని ఠక్కున చెప్పేవారే అధికం. నెమ్మదిగా నడిచినప్పుడు ఎక్కువసేపు దారి మీద ఉంటుంది కదా, అందుచేత సగటు 48. మినుముల ధర 20 శాతం పెరిగి, మళ్లీ 20 శాతం తగ్గితే పాత ధరకు రాదు, నూటికి నాలుగు రూపాయలు కిందికే ఉంటుంది. ఇటువంటివి చేసి చూడవలసిందే తప్ప సూత్రాలు బట్టీ పట్టి ప్రయోజనం లేదు. రోజుకు పది లెక్కలు, తప్పయిన వాటిని మర్నాడు మళ్లీ చేయడం, అంతే వైద్యం.

వ్యాకరణం దగ్గర మాత్రం మన పిల్లల బెదురు నిజమైనదే. అందులో వారి దోషం కూడా తక్కువ. పదేళ్లపాటు నిర్వచనాలు చెప్పించుకుని, వాక్యం రాయకుండా డిగ్రీ దాకా వచ్చినవారికి వ్యాకరణం ఎలా వస్తుంది? పట్నంలో కూడా జరుగుతున్నది అదే పని, కొంచెం వేగంగా. వంద రూల్సు ఉన్న ఒక పుస్తకం చేతిలో పెట్టి చదువుకోమంటున్నారు. తెలుగువాడికి ఇంగ్లీషు ఎక్కడ తిరకాసు పెడుతుందో చెప్పేవారు తక్కువ.

ఆ తిరకాసు కొన్ని చోట్లనే ఉంది. మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లీషులో కర్త పక్కనే నిలబడుతుంది. మన విభక్తి మాట వెనుక వస్తుంది: ఊరికి, ఊళ్లో, ఊరి నుంచి. వారిది మాట ముందు: టు, ఇన్, ఫ్రమ్. 'అతను మా అన్న' అంటే మనకు పూర్తి వాక్యం, క్రియ లేకపోయినా లోటు లేదు. ఇంగ్లీషులో 'ఈజ్' లేకపోతే వాక్యమే కాదు. 'ఎ', 'ది' అనేవి మన భాషలో లేవు గనుక వాటిని మరచిపోవడం మనకు సహజం. ఇక 'నుంచి' అనే మన మాట ఒక్కటే ఎన్ని మార్కులు తినేస్తున్నదో! పొద్దుటి నుంచి అంటాం, రెండు గంటల నుంచి అంటాం. ఇంగ్లీషువాడు మొదటిదానికి 'సిన్స్' వాడతాడు, రెండవదానికి 'ఫర్' వాడతాడు. మొదలైన వేళ చెబితే సిన్స్, గడచిన కాలం చెబితే ఫర్. మనవాళ్లు రెంటికీ సిన్స్ పెట్టి ఊరుకుంటున్నారు.

మన తెలుగు అడ్డం వచ్చే చోట్లు ఉన్నట్టే అక్కరకు వచ్చే చోట్లూ ఉన్నాయి. 'వన్ ఆఫ్ మై ఫ్రెండ్' అని రాసే పిల్లవాడు తెలుగులో 'నా స్నేహితుల్లో ఒకడు వచ్చాడు' అని తప్పు లేకుండా అంటాడు. స్నేహితుల్లో అన్నప్పుడు బహువచనం, వచ్చాడు అన్నప్పుడు ఏకవచనం. ఇంగ్లీషు నియమం కూడా అక్షరాలా అదే. ఫ్రెండ్స్ అని బహువచనం, హ్యాజ్ అని ఏకవచనం. తన భాషలో తనకున్న జ్ఞానాన్నే వాడుకోమని ఆ పిల్లవాడికి చెప్పిన పంతులు లేడు! 1873లో తెలుగు వ్యాకరణం ప్రకటించిన ఆర్డెన్ దొర మన బందరులో మిషనరీగా ఉన్నవాడు. ఇంగ్లీషువారికి తెలుగు నేర్పడానికి మెట్టు మెట్టుగా పాఠాలు కూర్చాడు. మన పిల్లలకు ఇంగ్లీషు నేర్పడానికి ఆ పద్ధతి పనికిరాదా?

విదేశీ చదువు పరీక్షల సంగతికి వస్తే విడ్డూరం మరీ ఎక్కువ. 2023-24లో అమెరికాలో చదువుతున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం మనదే అయింది. అందులో మన తెలుగు పిల్లలు ఎందరున్నారో ఏ ఊరికి ఆ ఊరే వేళ్లు మడిచి చెప్పుకోగలదు. ఈ గిరాకీ చూసే బోర్డులు లేచాయి. కాగా, పరీక్షలు మారినా కొన్ని బోర్డుల వెనుక సరుకు మాత్రం మారలేదు. జిమ్యాట్‌లో వాక్యాల తప్పులు దిద్దే ప్రశ్నలు 2023 నవంబరులో వచ్చిన కొత్త పద్ధతితో పోయాయి. రేఖాగణితం పోయింది, వ్యాసమూ పోయింది. ఇంకా ఆ పరీక్ష పేరు చెప్పి పాత వ్యాకరణ పుస్తకాలు అంటగట్టడం ఏమి న్యాయం? జి.ఆర్.ఇ.లో వ్యతిరేక పదాలు, పోలిక పదాల ప్రశ్నలు 2011లోనే ఎత్తివేశారు. 2023 సెప్టెంబరు నుంచి ఆ పరీక్ష 1 గంట 58 నిమిషాలకు కుదించారు. లెక్కలు 27, భాష 27, ఒక వ్యాసం. ఆ 27 లెక్కలలో త్రికోణమితి లేదు, కలన గణితం లేదు. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, పట్టికలు చదవడం, ఇంతే. పైగా తెర మీద కాలిక్యులేటరు కూడా ఇస్తారు. వ్యాకరణం మీద విడిగా ప్రశ్నలు లేవు. చదివి అర్థం చేసుకోవాలి, పదాలు తెలియాలి, ఒక వ్యాసం తిన్నగా రాయగలగాలి. రోజూ ఒక ఇంగ్లీషు పత్రికలో సంపాదకీయం చదివి, దాని సారాంశం పది వాక్యాలలో తిరిగి రాసే అలవాటు ఉన్నవాడికి అదే పెద్ద శిక్షణ.

అసలు కొన్ని విశ్వవిద్యాలయాలు 2020 తర్వాత జి.ఆర్.ఇ. తప్పనిసరి కాదన్నాయి. తాను చేరదలచిన చోట ఆ పరీక్ష కావాలో వద్దో ముందు విచారించుకోకుండా రుసుము కట్టడం దండుగ. సలహా ఉచితం అనే కార్యాలయాలు కొన్ని విదేశీ కళాశాలల నుంచి కమీషను పుచ్చుకునే పద్ధతి ఉన్నదన్న సంగతి కూడా తండ్రులు గుర్తుంచుకోవడం మంచిది. ఉచితంగా పెళ్లి సంబంధం చెప్పేవాడి మాట మనం ఎలా వింటామో, ఆ మాటా అలాగే వినాలి.

బెంజ్ సర్కిల్‌లో మంచి ఉపాధ్యాయులు లేరని కాదు. ఉన్నారు. శ్రద్ధగా చెప్పి, ఎందరో పిల్లలను గట్టెక్కించినవారూ ఉన్నారు. అయితే దివిసీమ చివరి ఊరి నుంచి వచ్చే పిల్లకు ఆ పాఠం ధర కోచింగు రుసుముతో ఆగదు. హాస్టలు, భోజనం, బస్సు చార్జీలు అన్నీ కలుపుకోవాలి. మగపిల్లవాడికైతే అర ఎకరం తనఖా పెట్టడానికి సిద్ధపడే తండ్రి, ఆడపిల్ల దగ్గరికి వచ్చేసరికి వెనకాడుతున్నాడు. సాయంత్రం తరగతి ముగిసి, ఆఖరి బస్సు పట్టుకుని, ఊరి అడ్డరోడ్డులో చీకట్లో దిగవలసి వస్తుందని తల్లి అడ్డుపడుతున్నది. తెలివి ఉండి కూడా అడ్డరోడ్డు దగ్గరే చదువు ఆగిపోతున్న పిల్లలు డిగ్రీ కళాశాలలున్న ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. వారి కోసం ఏమి చేయాలన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు మనం కడుతూనే ఉన్నాం. ఆ సెస్సుతో నడిచే శాఖా గ్రంథాలయాలలో ఈ పరీక్షల పుస్తకాలు ఎన్ని ఉన్నాయి? 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే. 1935లో పాతూరి నాగభూషణం గారు కృష్ణా పశ్చిమ డెల్టా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపి ఒడ్డున ఉన్న ఊళ్లకు పుస్తకాలు అందించారు. ఆ రోజుల్లో పుస్తకమే పడవెక్కి పాఠకుడి దగ్గరకు వెళ్లింది. ఈ రోజున పాఠకుడే బస్సెక్కి పుస్తకం కోసం బెంజ్ సర్కిల్‌కు రావలసి వస్తున్నది!

పెద్ద ఖర్చు అవసరం లేదు. ఆరు నుంచి పది వరకు లెక్కల పాఠ్యపుస్తకాలు ఒక సెట్టు చాలు. 2020-21 నుంచి దశలవారీగా వచ్చిన పుస్తకాలలో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్క పేజీలలోనే ఉన్నాయి. తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లవాడికి లెక్కల ఇంగ్లీషు పేర్లు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పుస్తకం ఏ కోచింగు కేంద్రమూ ఇవ్వలేదు. పాత ఐసెట్ ప్రశ్నపత్రాలు, ఒక ఇంగ్లీషు దినపత్రిక, ఒక మంచి నిఘంటువు వీటికి తోడైతే సరిపోతుంది. పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు, ఇంగ్లీషు మాస్టారు లేని పెద్ద ఊరు డెల్టాలో అరుదు. వారానికి మూడు రోజులు, పూట ఒక గంట చొప్పున చెప్పమని గ్రామ పెద్దలు వెళ్లి అడిగితే కాదనేవారు ఎందరుంటారు?

2022 ఏప్రిల్‌లో పాత కృష్ణా జిల్లా చీలింది. బెజవాడ ఎన్.టి.ఆర్. జిల్లాకు, బందరు కృష్ణా జిల్లాకు కేంద్రాలయ్యాయి. గ్రంథాలయ వ్యవహారాలు చూసే అధికారులు ఈ విషయమై దృష్టి సారించవలసి ఉంది. డిగ్రీ ఆఖరి సంవత్సరం పిల్లలు ఐసెట్‌కు చదువుకునే నెలల్లోనైనా మండల కేంద్రాలలోని శాఖా గ్రంథాలయాలను రాత్రి ఎనిమిది వరకు తెరచి ఉంచాలి. ఒక బల్ల, రెండు దీపాలు, ఆడపిల్లలకు విడిగా నాలుగు కుర్చీలు ఏర్పాటు చేయాలి. పిల్లలు, తల్లిదండ్రులు కలిసి సంతకాలు చేసి ముందుగా ఒక అర్జీ పెట్టుకుంటే, ఏ గ్రంథాలయంలో ఏమి లోటు ఉన్నదో అధికారులకు కాగితం మీద తెలిసి వస్తుంది.