రెండో ఎక్స్‌రే ఎక్కడ?

1933 ఏప్రిల్ 5. అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో సర్జన్ ఎవార్ట్స్ గ్రాహం ఒక రోగి ఛాతీ తెరిచారు. ఊపిరితిత్తిలో క్యాన్సర్ ఉన్న తమ్మె (లోబ్) ఒక్కటే తీసేద్దామనుకున్నారు. లోపల చూస్తే అది చాలేలా లేదు. ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. స్వయంగా డాక్టరైన ఆ రోగి మిగిలిన ఒక్క ఊపిరితిత్తితో మరో 30 ఏళ్లు బతికారు. సిగరెట్టుకూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని 1950లో ఎర్నెస్ట్ వైండర్‌తో కలిసి లెక్కలతో చూపిన గ్రాహం మాత్రం 1957లో అదే జబ్బుతో కన్నుమూశారు. బయటపడేసరికే అది రెండు వైపులా పాకింది. కత్తికి అందే దశ దాటిపోయింది.

మన దగ్గర ఎందరికో ఆ దశ ఇప్పటికీ అలాగే దాటిపోతోంది.

ఆపరేషన్ మాత్రం చాలా మారింది. కుడి ఊపిరితిత్తికి మూడు తమ్మెలు, ఎడమదానికి రెండు. గడ్డ ఉన్న తమ్మెను మాత్రమే తీసే లోబెక్టమీ స్థిరపడింది. అంతకంటే తక్కువ తీస్తే క్యాన్సర్ అక్కడే తిరగబెట్టడం ఎక్కువని 1995లో ఉత్తర అమెరికా అధ్యయనం ఒకటి తేల్చింది. 2022లో జపాన్ డాక్టర్ల ఫలితాలు ఆ నమ్మకాన్ని కదిలించాయి. గడ్డ 2 సెంటీమీటర్లు మించని 1,106 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు తమ్మెను, మరో జట్టుకు తమ్మెలో ఒక భాగమైన సెగ్మెంటును తీశారు. ఐదేళ్ల తర్వాత సెగ్మెంట్ తీసినవారిలో 94.3 శాతం, తమ్మె తీసినవారిలో 91.1 శాతం బతికున్నారు. అక్కడే తిరగబెట్టడం సెగ్మెంట్ జట్టులోనే ఎక్కువ, అయినా ఈ ఫలితం వచ్చింది. ఊపిరితిత్తి కాలేయంలా మళ్లీ పెరగదు. మిగిలింది కాస్త ఉబ్బి ఖాళీని సర్దుకుంటుంది, అంతే. రేపు మరో జబ్బు వస్తే తట్టుకోవాల్సింది ఆ మిగిలిన ముక్కే.

అయితే రెండు సెంటీమీటర్ల గడ్డ సాధారణంగా నొప్పి పెట్టదు, దగ్గు తెప్పించదు. మనవాళ్లు ఆసుపత్రి మెట్లెక్కేది కళ్లెలో నెత్తురు పడ్డాక, గొంతు బొంగురుపోయాక. అప్పుడు కూడా మొదట వినిపించే పేరు టీబీ. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో మచ్చ రెండు జబ్బుల్లోనూ ఉంటాయి. టీబీ ఇంతగా ఉన్న దేశంలో ముందు దాన్నే అనుమానించడం తప్పు కాదు. ఆ అనుమానం నిజమో కాదో మళ్లీ చూడకపోవడం తప్పు. కళ్లెలో క్రిమి దొరకకపోయినా ఎక్స్‌రే చూసి మందులు మొదలుపెట్టడం ఉంది. రెండు నెలలకీ మచ్చ తగ్గకపోతే, ఆరు నెలల కోర్సు పూర్తిచేసి రమ్మనడమూ ఉంది. ఆలోగా తీయగలిగిన గడ్డ తీయలేనిదిగా మారవచ్చు. చెప్పిన మందు చెప్పినట్టు మింగిన మనిషే నష్టపోతున్నాడు. తలచుకుంటే కోపం కంటే దుఃఖమే ఎక్కువ కలుగుతుంది.

పొగతాగేవారందరికీ సీటీ తీస్తే పోలేదా అనవచ్చు. అమెరికాలో 53 వేల మందికి పైగా పాల్గొన్న అధ్యయనంలో, ఛాతీ ఎక్స్‌రేతో పోలిస్తే తక్కువ రేడియేషన్ సీటీ వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయని 2011లో తేలింది. కానీ సీటీలో అనుమానం కలిగించిన వాటిలో 96 శాతానికి పైగా క్యాన్సర్ కావని తేలింది. పాత టీబీ మచ్చలున్న మన ఛాతీల్లో ఆ గందరగోళం ఇంకెంత! పైగా మన రోగుల్లో బీడీ ముట్టనివారూ, కట్టెల పొయ్యి ముందు ఏళ్లు గడిపిన ఆడవాళ్లూ ఉన్నారు. పొగతాగేవారి జాబితాలో వాళ్లు దొరకరు.

అందుకే ఇంతకంటే చిన్న పని అడుగుతున్నాను. క్రిమి దొరక్కుండా టీబీ మందులు మొదలుపెట్టిన ప్రతి మనిషికీ రెండో నెల చివర మళ్లీ ఎక్స్‌రే తీయాలి. మచ్చ తగ్గకపోతే కోర్సు అయ్యేదాకా ఆగకుండా సీటీకీ, బయాప్సీకీ పంపాలి. క్యాన్సర్ ఆపరేషన్‌కు ఆరోగ్యశ్రీ లాంటి ప్రభుత్వ పథకం ఉంది. జబ్బు పేరు తేలక ముందు బయట తీయించుకునే స్కాన్ ఖర్చు మాత్రం ఇంటివాళ్లదే. ఆ స్కాన్‌నూ ప్రభుత్వమే భరించాలి. కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని భయపడే కుటుంబంతో కూర్చుని మాట్లాడే మనిషి ఒకరు జిల్లా ఆసుపత్రిలో ఉండాలి. ముందుగా, టీబీ చికిత్స కార్డు మీద రెండో ఎక్స్‌రే తేదీ రాయడానికి ఒక గడి, అది ఖాళీగా ఉంటే ఎందుకని అడిగే అధికారి ఒకరు కావాలి.